విదేశీ సహాయం, మానవ హక్కులు: అమెరికా చట్టంపై ఒక విమర్శ

దౌర్జన్యం చేసేవాని చేతికి కర్ర అందించినవాడు ఆ దౌర్జన్యంలో భాగస్వామి అవుతాడన్నది అన్ని జాతులూ అంగీకరించిన నీతి. ఈ నీతిని ఒక ఆధునిక రాజ్యం తన చట్టంలో రాసుకోవడం చిన్న విషయం కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఆ పని చేశాయి. తన ప్రజలను చిత్రహింసల పాలు చేసే ప్రభుత్వానికి సైనిక సహాయం ఇవ్వరాదని ఆ దేశపు చట్టం చెబుతుంది. ఎన్నికైన ప్రభుత్వాధినేతను సైన్యం పదవీచ్యుతుణ్ణి చేస్తే ఆ దేశానికి సహాయం నిలిపివేయాలని మరో నిబంధన చెబుతుంది. అదే అమెరికా 1987 నుంచి ఈజిప్టు సైన్యానికి ఏటా సుమారు 130 కోట్ల డాలర్లు కేటాయిస్తూ వస్తోంది. హుస్నీ ముబారక్ అత్యవసర పరిస్థితి చట్టంతో పాలించిన కాలంలోనూ, 2013లో ఎన్నికైన అధ్యక్షుణ్ణి సైన్యం బంధించిన తర్వాతా ఈ కేటాయింపు ఆగలేదు.

చట్టం ఒకటి చెప్పగా ఆచరణ మరొకటి చెప్పడం చూసి, ఇదంతా వట్టి కపటమని తేల్చివేయడం సులభం. ముస్లిం ప్రపంచంలో చాలామంది అలాగే తేల్చివేశారు కూడా. అయితే ఒక చట్టాన్ని విమర్శించేవారు మొదట దాని పాఠాన్ని చదవాలి. ఏ మాట ఎక్కడ కూర్చబడింది, ఏ తలుపు ఎవరి కోసం తెరిచి ఉంచబడింది, తీర్పు చెప్పే అధికారం ఎవరి చేతిలో పెట్టబడింది అన్నవి పరిశీలించాలి. అలా పరిశీలించినప్పుడు కపటం అన్న మాటకంటే ఉపయోగకరమైన సమాధానం దొరుకుతుంది.

చట్టం పుట్టిన తీరు

అమెరికా విదేశీ సహాయానికి మూలాధారం 1961లో ప్రెసిడెంటు కెన్నెడీ సంతకం చేసిన విదేశీ సహాయ చట్టం. మొదట అందులో ప్రధానంగా కనిపించినవి ఆర్థికాభివృద్ధి, కమ్యూనిజం విస్తరణను అడ్డుకోవడం. 1966లో చేర్చిన తొమ్మిదవ అధ్యాయం అభివృద్ధి కార్యక్రమాలలో ప్రజలను వీలైనంత ఎక్కువగా భాగస్వాములను చేయాలనీ, ప్రజాస్వామ్య సంస్థలను ప్రోత్సహించాలనీ కోరింది. కోరిందే కాని, కోరినట్లు జరగకపోతే ఏం చేయాలో చెప్పలేదు.

మార్పు 1973లో మొదలయింది. వియత్నాం యుద్ధం వల్ల అమెరికా ప్రజలకు తమ ప్రభుత్వం మాటపై నమ్మకం సడలింది. ఆ ఏడాది సెప్టెంబరులో చిలీలో ఎన్నికైన అధ్యక్షుడు అయెండేను సైన్యం కూలదోసింది. ప్రతినిధుల సభలో డొనాల్డ్ ఫ్రేజర్ అధ్యక్షతన ఉన్న ఉపసంఘం మానవ హక్కులపై వరుసగా విచారణలు జరిపింది. దాని ఫలితంగా రాజకీయ కారణాలతో పౌరులను నిర్బంధించే ప్రభుత్వాలకు సహాయం నిరాకరించాలన్న అభిప్రాయాన్ని కాంగ్రెసు 1973లోనే చట్టంలో చేర్చింది. 1974లో 502-బి అనే నిబంధన వచ్చింది. మొదట అదీ అభిప్రాయ ప్రకటనే. 1976, 1978 సంవత్సరాల సవరణలతో దానికి ఆజ్ఞ రూపం కలిగింది. ఈలోగా 1975లో టామ్ హార్కిన్ ప్రతిపాదించిన సవరణ ద్వారా ఆర్థిక సహాయానికి కూడా ఇటువంటి షరతే 116వ నిబంధనగా చేరింది. సహాయం పొందే దేశాలలో మానవ హక్కుల స్థితిపై ఏటా నివేదిక సమర్పించాలన్న నియమం కూడా ఈ కాలంలోనే ఏర్పడింది. తర్వాత ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలన్నిటికీ దానిని విస్తరింపజేశారు.

ఈ చరిత్రలో ఒక విషయం గమనార్హం. ఈ నిబంధనలను వైట్ హౌస్ కోరి తెచ్చుకోలేదు. నాటి విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్ వాటిని గట్టిగా వ్యతిరేకించాడు. ప్రభుత్వాన్ని నమ్మని ప్రజాప్రతినిధులు ప్రభుత్వం చేతులు కట్టడానికి రాసుకున్న చట్టమిది. అందుచేత అమెరికా అన్న ఒక్క మాటతో చట్టాన్నీ, దానిని అమలు జరిపేవారినీ ఒకే మూటగా కట్టడం సరికాదు. కట్టవలసిన చేతులకే ముడి విప్పే అవకాశం ఎలా దక్కిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

మూడు మాటలు

502-బి నిబంధన ప్రకారం, అంతర్జాతీయంగా గుర్తింపు పొందిన మానవ హక్కులను "ఘోరంగా, నిలకడగా" ఉల్లంఘించే ప్రభుత్వానికి భద్రతా సహాయం ఇవ్వరాదు. చిత్రహింసలు, నేరారోపణ లేకుండా దీర్ఘకాలం నిర్బంధించడం, మనుషులను మాయం చేయడం వంటివి ఘోరమైన ఉల్లంఘనలని చట్టమే వివరించింది. ఇంతవరకు లోపం లేదు. కాని "నిలకడగా" అన్న మాట దగ్గర మొదటి సందు కనిపిస్తుంది. ఎన్ని నెలలు, ఎంతమంది ఖైదీలు ఉంటే నిలకడ అవుతుంది? చట్టం చెప్పదు. నిన్న జరిగిన హత్యాకాండను ఒంటరి సంఘటన అనవచ్చు, నిరుటి హత్యాకాండను గడిచిన చరిత్ర అనవచ్చు.

రెండవ మాట "అసాధారణ పరిస్థితులు". అటువంటి పరిస్థితులు ఉన్నాయని తెలియజేస్తే నిషేధం ఉండగానే సహాయం కొనసాగించవచ్చు. తర్వాత వచ్చిన చట్టాలలో ఇది "జాతీయ భద్రతా ప్రయోజనం" అన్న పేరుతో స్థిరపడింది. సైనిక సహాయం పొందే ఏ దేశమయినా ఏదో ఒక భద్రతా ప్రయోజనం కోసమే దానిని పొందుతుంది. ఆ ప్రయోజనమే మినహాయింపుకు కారణం కాగలిగితే, నిషేధం వర్తించే దేశం ఏది? ప్రయోజనం లేని దేశం మాత్రమే. అంటే చట్టం బలహీనుల మీద కఠినంగానూ, అవసరమైనవారి మీద మెత్తగానూ పనిచేసేలా దాని నిర్మాణంలోనే ఏర్పాటు జరిగింది.

మూడవది మాటకాదు, మాట లేకపోవడం. ఉల్లంఘన జరిగిందని నిర్ణయించవలసింది ఎవరు? సహాయం ఇచ్చే ప్రభుత్వమే. నిర్ణయించి తీరాలని గడువు ఉందా? లేదు. కార్టర్ ప్రభుత్వం మానవ హక్కులను తన విదేశాంగ విధానానికి ఆత్మగా ప్రకటించుకుంది. ఆ ప్రభుత్వం కూడా ఫలానా దేశం ఘోర ఉల్లంఘనదారు అని ఈ నిబంధన కింద లాంఛనంగా ప్రకటించకుండానే పని గడుపుకుంది. 1977 ఫిబ్రవరిలో అర్జెంటీనా, ఉరుగ్వే, ఇథియోపియాలకు సహాయం తగ్గించిన విదేశాంగ మంత్రి వాన్స్, దక్షిణ కొరియా విషయంలో భద్రతా అవసరాలు వేరని చెప్పాడు.

ఖాజీ తన సొంత వివాదంలో తాను తీర్పు చెప్పరాదనీ, సాక్ష్యం వల్ల లాభం పొందేవాని సాక్ష్యం చెల్లదనీ ఇస్లామీయ న్యాయశాస్త్రం చదివినవారికి విదితమే. ఆంగ్లేయుల న్యాయ సంప్రదాయం కూడా ఇదే మాట చెబుతుంది. సహాయ చట్టంలో దాత, సాక్షి, న్యాయాధిపతి మువ్వురూ ఒక్కరే.

ధ్రువీకరణ పత్రం

ఈ లోపాన్ని కాంగ్రెసు గుర్తించకపోలేదు. 1981లో ఎల్ సాల్వడోర్ విషయంలో కొత్త పద్ధతి ప్రయత్నించింది. ఆ దేశ ప్రభుత్వం మానవ హక్కులను పాటించడానికి గట్టి కృషి చేస్తున్నదనీ, తన సైన్యాన్ని అదుపులోకి తెచ్చుకుంటున్నదనీ ప్రతి 180 రోజులకు ఒకసారి ప్రెసిడెంటు ధ్రువీకరిస్తేనే సైనిక సహాయం కొనసాగుతుంది. మౌనంగా ఉండే వీలు ఇక లేదు. సంతకం పెట్టి తీరాలి.

ప్రెసిడెంటు రీగన్ 1982 జనవరి 28న మొదటి సంతకం పెట్టాడు. అంతకు ముందు రోజే రెండు ప్రముఖ అమెరికన్ దినపత్రికలు ఎల్ మొజోతే గ్రామంలో జరిగిన ఊచకోత వార్తను ప్రచురించాయి. 1981 డిసెంబరులో అమెరికా శిక్షణ పొందిన అట్లకాట్ల్ పటాలం ఆ గ్రామంలోనూ చుట్టుపక్కల పల్లెలలోనూ స్త్రీలు, పిల్లలతో సహా ప్రజలను చంపివేసింది. గుర్తించబడిన మృతులే ఐదు వందలకు పైగా ఉన్నారని ఐక్యరాజ్యసమితి సత్యశోధక సంఘం 1993లో తేల్చింది. కాని 1982లో రీగన్ ప్రభుత్వ ప్రతినిధులు ఆ వార్తలకు తగిన ఆధారాలు లేవన్నారు. ధ్రువీకరణ పత్రాలు మరి మూడుసార్లు వెళ్ళాయి. 1983 నవంబరులో ఈ నియమాన్ని పొడిగించే బిల్లుపై రీగన్ సంతకం చేయకపోవడంతో ఆ సంతకాల తంతు కూడా ముగిసింది.

దీని నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. మౌనంగా ఉండే వీలును తీసివేసినంత మాత్రాన సత్యం బయటకు రాదు. నిర్ణయించేవాడు మారకపోతే మౌనం స్థానంలో అసత్యం వచ్చి కూర్చుంటుంది. పైగా ఆ అసత్యానికి ప్రభుత్వ ముద్ర పడుతుంది.

పాకిస్తాన్ అనుభవం

పాకిస్తాన్ చరిత్ర ఈ చట్టానికి మరొక గీటురాయి. 1977 జూలైలో జనరల్ జియావుల్ హఖ్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1979 ఏప్రిల్ 4న పదవీచ్యుతుడైన ప్రధాని భుట్టో ఉరితీయబడ్డాడు. అదే నెలలో అమెరికా పాకిస్తాన్‌కు సహాయం నిలిపివేసింది. కాని ఆ నిలిపివేతకు కారణం సైనిక పాలన కాదు, ఉరి కాదు. యురేనియం శుద్ధి కార్యక్రమానికి సంబంధించిన సైమింగ్టన్ సవరణ దానికి ఆధారం. ఆ ఏడాది చివరలో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో ప్రవేశించగానే ఆ కారణం కూడా మరుగున పడింది. 1981లో ఆరు సంవత్సరాలకు 320 కోట్ల డాలర్ల సహాయం నిర్ణయమయింది. దానికోసం కాంగ్రెసే చట్టంలో మినహాయింపు కల్పించింది.

1985లో వచ్చిన ప్రెస్లర్ సవరణ పాకిస్తాన్ దగ్గర అణ్వస్త్రం లేదని ప్రెసిడెంటు ఏటా ధ్రువీకరించాలని కోరింది. అఫ్ఘానిస్తాన్ యుద్ధం సాగినంతకాలం ధ్రువీకరణలు వచ్చాయి. సోవియట్ సేనలు 1989 ఫిబ్రవరిలో వైదొలగిన తర్వాత, 1990 అక్టోబరులో ధ్రువీకరణ రాలేదు. సహాయం ఆగిపోయింది. సైనిక పాలకుని కాలంలో సాగిన ధార, ఎన్నికలు తిరిగి మొదలైన రెండేళ్ళలోపే ఎండిపోయింది.

1999 అక్టోబరులో జనరల్ ముషర్రఫ్ ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు సైనిక తిరుగుబాటు నిబంధన వర్తించింది. రెండేళ్ళు గడిచేసరికి 2001 సెప్టెంబరు సంఘటనలు జరిగాయి. ఆ అక్టోబరులోనే కాంగ్రెసు ప్రత్యేక చట్టం చేసి ప్రెసిడెంటుకు మినహాయింపు అధికారం ఇచ్చింది. తర్వాతి సంవత్సరాలలో ఆ మినహాయింపు వాడుకోవడానికి ప్రెసిడెంటు చెప్పవలసిన మాట ఏమిటంటే, ఈ సహాయం పాకిస్తాన్ ప్రజాస్వామ్యం వైపు మరలడానికి తోడ్పడుతుందని! ప్రజాస్వామ్యాన్ని కూల్చినవానికి డబ్బివ్వడం ప్రజాస్వామ్యానికి తోడ్పాటు అని ధ్రువీకరించవలసి రావడం కంటే మాటలకు జరగగల అవమానం మరొకటి ఉండదు.

ఈజిప్టు: చెప్పని తీర్పు

ఈజిప్టు ఉదంతం అన్నిటికంటే స్పష్టమైనది. 2011 ఫిబ్రవరిలో ముబారక్ దిగిపోయిన తర్వాత సైనిక మండలి పాలించింది. ఆ సంవత్సరాంతంలో కైరోలో ప్రజాస్వామ్య కార్యక్రమాలు నడిపే సంస్థల కార్యాలయాలపై దాడులు జరిగాయి. వాటిలో అమెరికా నిధులతో నడిచేవీ ఉన్నాయి. పౌర ప్రభుత్వానికి అధికారం బదలాయిస్తున్నట్లు ధ్రువీకరిస్తేనే సైనిక సహాయం విడుదల చేయాలని కాంగ్రెసు అప్పటికే షరతు పెట్టింది. 2012 మార్చిలో విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ జాతీయ భద్రత పేరిట ఆ షరతును పక్కన పెట్టింది. తన సొంత పౌరులు నిందితులుగా ఉన్న కేసు నడుస్తుండగానే అమెరికా ఆ పని చేసింది.

2012 జూన్‌లో ఇఖ్వానుల్ ముస్లిమూన్‌కు చెందిన ముహమ్మద్ ముర్సీ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఆయన పాలనపై ఈజిప్టు ప్రజలలో తీవ్రమైన అసంతృప్తి ఉండిన మాట నిజం. 2013 జూన్ 30న లక్షలాది ప్రజలు వీధులలోకి వచ్చిన మాట కూడా నిజం. కాని చట్టం అడిగే ప్రశ్న ప్రభుత్వం మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఎన్నికైన ప్రభుత్వాధినేతను దించడంలో సైన్యం నిర్ణాయక పాత్ర వహించిందా అన్నదే ప్రశ్న. జూలై 3న సైన్యాధిపతి అబ్దుల్ ఫత్తాహ్ అల్ సీసీ టెలివిజన్‌లో కనిపించి రాజ్యాంగాన్ని తాత్కాలికంగా రద్దు చేసినట్లు ప్రకటించాడు. అధ్యక్షుడు నిర్బంధంలోకి వెళ్ళాడు. దీనికి ఏ పేరు పెట్టాలో తెలియనివారు లేరు.

మూడు వారాల ఆలోచన తర్వాత వాషింగ్టన్ నుంచి వచ్చిన సమాధానం చట్ట చరిత్రలో గుర్తుంచుకోదగినది. తిరుగుబాటు జరిగిందా లేదా అన్న నిర్ణయం చేయాలని చట్టం తమను నిర్బంధించడం లేదనీ, అటువంటి నిర్ణయం చేయడం తమ జాతీయ ప్రయోజనానికి అనుగుణం కాదనీ విదేశాంగ శాఖ జూలై 26న చెప్పింది. తిరుగుబాటు జరగలేదని వారు అనలేదు. జరిగిందనీ అనలేదు. చూడకుండా ఉండే హక్కును మాత్రం వాడుకున్నారు. పంతొమ్మిది రోజుల తర్వాత, ఆగస్టు 14న, కైరోలోని రాబియా కూడలిలో సైన్యం, పోలీసులు శిబిరాన్ని ఖాళీ చేయించినప్పుడు కనీసం 817 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ ఏడాది పరిశోధన తర్వాత తేల్చింది.

ఆ మారణకాండ తర్వాత, అక్టోబరులో, యుద్ధ విమానాలు, ట్యాంకులు, హెలికాప్టర్ల సరఫరాలో కొంత భాగాన్ని అమెరికా ఆపింది. హెలికాప్టర్లపై ఆంక్షను 2014లో, మిగిలినవాటిపై 2015 మార్చిలో తొలగించింది. ఈలోగా 2014 సంవత్సరపు నిధుల చట్టంలో, తిరుగుబాటు నిబంధన అడ్డు రాకుండా ఈజిప్టుకు నిధులు ఇచ్చే వీలు కాంగ్రెసు కల్పించింది. చట్టాన్ని ఉల్లంఘించినవారిని నిలదీయవలసిన సభ ఉల్లంఘనకే దారి వేసింది. ముర్సీ 2019 జూన్ 17న న్యాయస్థానంలో కుప్పకూలి మరణించాడు.

ఇతర దేశాలతో పోల్చి చూస్తే మాట మరింత తేటపడుతుంది. మియన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంటే మరునాడే అమెరికా దానిని తిరుగుబాటుగా నిర్ణయించింది. నైజర్‌లో అప్పట్లో అమెరికా సైనిక స్థావరం ఉండేది. అక్కడ 2023 జూలైలో జరిగిన దానికి ఆ పేరు పెట్టడానికి రెండు నెలలకు పైగా పట్టింది. ఈజిప్టులో జరిగిన దానికి నేటివరకు పేరు లేదు. అవసరం పెరిగిన కొద్దీ కంటిచూపు తగ్గిందన్నమాట.

పాలస్తీనా: తిరగబడిన తర్కం

సైన్యం ఎన్నికలను తుడిచివేసినచోట చట్టం మౌనం వహించిందనుకుంటే, ఎన్నికలు సక్రమంగా జరిగినచోట ఏమయింది? 2006 జనవరి 25న పాలస్తీనా శాసన మండలికి జరిగిన ఎన్నికలను అమెరికా స్వయంగా ప్రోత్సహించింది. విదేశీ పరిశీలకులు ఆ ఎన్నికలను మెచ్చుకున్నారు. 132 స్థానాలలో 74 హమాస్‌కు దక్కాయి. అమెరికా ఆ సంస్థను అంతకుముందే ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చి ఉంది. ఆ సంవత్సరాంతానికి పాలస్తీనా ఉగ్రవాద నిరోధక చట్టం వచ్చి, హమాస్ ఆధీనంలోని పాలనా వ్యవస్థకు సహాయాన్ని కట్టడి చేసింది. పౌరులను లక్ష్యంగా చేసుకునే హింసను వ్యతిరేకించే హక్కు ఎవరికైనా ఉంది. కాని అరబ్బు ప్రజలు ఆ ఏడాది నేర్చుకున్న పాఠం మరొకటి: బ్యాలెట్టు పెట్టెలో వచ్చిన ఫలితం దాతకు నచ్చితేనే అది ప్రజాస్వామ్యమవుతుందని.

రెండవ వైపు ఇజ్రాయిల్ ఉంది. 2016 నాటి ఒప్పందం ప్రకారం 2019 నుంచి పదేళ్ళలో 3,800 కోట్ల డాలర్లు దానికి ఇవ్వాలని నిర్ణయమయింది. సెనేటర్ పాట్రిక్ లీహీ పేరుతో 1997 నుంచి ఉన్న చట్టం, ఘోర ఉల్లంఘనలకు పాల్పడిన సైనిక దళాలకు సహాయం నిషేధిస్తుంది. 2023 అక్టోబరుకు ముందు జరిగిన సంఘటనలలో ఐదు ఇజ్రాయిలీ దళాలు అటువంటి ఉల్లంఘనలకు పాల్పడ్డాయని అమెరికా విదేశాంగ శాఖే 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. వాటిలో నాలుగింటిపై తగిన చర్య జరిగిందని అప్పుడే చెప్పింది. ఐదవదానిపై కూడా జరిగిందని ఆగస్టులో చెప్పింది. ఏ దళానికీ సహాయం ఆగలేదు. 502-బి కింద గాజా విషయంలో నివేదిక మాత్రమే కోరుతూ సెనేటర్ బెర్నీ శాండర్స్ తెచ్చిన తీర్మానం 2024 జనవరిలో 72–11 ఓట్లతో పక్కకు నెట్టబడింది. సహాయం ఆపమని ఆ తీర్మానం అడగలేదు, తెలుసుకుందామని మాత్రమే అడిగింది. 2024 మే నెలలో ప్రభుత్వం ఇచ్చిన మరో నివేదిక అమెరికన్ ఆయుధాలు అంతర్జాతీయ యుద్ధ నియమాలకు విరుద్ధంగా వాడబడ్డాయని భావించడం సమంజసమే అంటూనే, ఇజ్రాయిల్ హామీలు నమ్మదగినవని ముగించింది.

ఎదురువాదం

ఇన్ని ఉదాహరణల తర్వాత, ఈ చట్టాలను చెత్తబుట్టలో వేయడమే మంచిదన్న అభిప్రాయం కలగవచ్చు. అది తొందరపాటు అవుతుంది. అర్జెంటీనాలో సైనిక పాలకులు వేలాదిమందిని మాయం చేస్తున్న రోజులలో, 1978లో, అమెరికా ఎగుమతి బ్యాంకు ఒక పెద్ద జలవిద్యుత్ పథకానికి రుణాన్ని మానవ హక్కుల కారణంగా నిలిపివేసింది. ఆ సెప్టెంబరులో ఉపాధ్యక్షుడు మాండేల్, జనరల్ విదేలా రోములో కలుసుకున్న తర్వాత బేరం కుదిరింది. అమెరికా రుణాన్ని విడుదల చేసింది, అర్జెంటీనా అమెరికా ఖండాల మానవ హక్కుల సంఘాన్ని ఆహ్వానించింది. 1979లో ఆ సంఘం వచ్చినప్పుడు తప్పిపోయిన బిడ్డల తల్లులు వీధిలో బారులు తీరి వాంగ్మూలాలు ఇచ్చారు. సంఘం నివేదిక నియంతల మాటను ప్రపంచం ముందు అబద్ధం చేసింది.

ఈజిప్టులోనే మరొక ఉదాహరణ ఉంది. 2021 సెప్టెంబరులో బైడెన్ ప్రభుత్వం 13 కోట్ల డాలర్లను ఆపి, స్వచ్ఛంద సంస్థలపై నడుస్తున్న 173వ నంబరు కేసును ముగించాలనీ, పదహారు మందిపై ఉన్న అభియోగాలు తొలగించాలనీ కోరింది. షరతులు పూర్తిగా నెరవేరనందున 2022 జనవరిలో ఆ సొమ్మును వేరేచోటికి మళ్ళించింది. కాని అదే వారంలో 250 కోట్ల డాలర్ల విలువగల విమానాలు, రాడార్ల అమ్మకానికి ఆమోదం తెలిపింది! 2024 సెప్టెంబరులో షరతులున్న 32 కోట్లతో సహా మొత్తం 130 కోట్లూ విడుదలయ్యాయి. అయినా ఆ పదహారు మందిలో కొందరిపై చర్యలు సడలాయి. 2024లో ఆ కేసు మూసివేసినట్లు ఈజిప్టు న్యాయాధికారులు ప్రకటించారు. జైలు గోడ లోపల ఉన్నవానికి దాత చిత్తశుద్ధితో పనిలేదు. తలుపు తెరుచుకుందా లేదా అన్నదే అతనికి కావాలి.

ఏటా వెలువడే నివేదికల విలువ కూడా తక్కువ కాదు. మిత్రదేశాల చిత్రహింసలను అమెరికా ప్రభుత్వమే అచ్చు వేసి ప్రకటించినప్పుడు, ఆ మిత్రుడు తన న్యాయస్థానంలో వాటిని కాదనడం కష్టమయ్యేది. 2025 ఆగస్టులో వెలువడిన నివేదికలను బాగా కుదించడం, అనేక అంశాలు వదలివేయడం ఈ కారణంగానే ఆందోళనకరం. సాక్షి పక్షపాతి అయినా సాక్ష్యం పనికి వస్తుంది. సాక్ష్యమే లేకపోతే నష్టపోయేది బాధితుడే.

మరొక ప్రమాదం కూడా ఉంది. అమెరికా కపటాన్ని అందరికంటే బిగ్గరగా ఎత్తిచూపేవారు కైరోలోనూ ఇతర రాజధానులలోనూ ఉన్న పాలకులే. మానవ హక్కులు పడమటి దేశాల పన్నాగమని చెప్పడం వారికి లాభసాటి. కాని నేరారోపణ లేకుండా ఏళ్ళ తరబడి ఖైదులో ఉన్న విద్యార్థికి తన హక్కు వాషింగ్టన్ నుంచి రాలేదు. న్యాయం కోరే హక్కు మనిషిగా పుట్టినందుకే అతనికి ఉంది. దాత ద్వంద్వనీతిని ఖండించడం ఒక పని, దానిని చూపి నియంతను సమర్థించడం మరో పని. ముస్లిం పత్రికలు ఈ రెండింటిని తరచుగా కలిపివేశాయి. ఆ కలగాపులగం వల్ల బాధితుడు రెండువైపులా ఒంటరి అయ్యాడు.

న్యాయమైన చట్టం ఎలా ఉండాలి?

పై ఉదంతాలన్నీ నాలుగు సూత్రాలను సూచిస్తున్నాయి. మొదటిది, ఉల్లంఘన జరిగిందా అన్న నిర్ణయాన్ని సహాయం ఇచ్చే శాఖ నుంచి వేరుచేయాలి. నిర్ణయించడానికి గడువు పెట్టాలి. గడువు దాటితే సహాయం దానంతట అదే ఆగాలి. అప్పుడు ఈజిప్టు విషయంలో వలె చూడకుండా ఉండే హక్కు ఎవరికీ ఉండదు. రెండవది, మినహాయింపు సంతకంతో దొరకరాదు. అది అవసరమనుకుంటే సభలో కారణాలు చెప్పి ఓటు వేయించుకోవాలి. 1986లో దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వంపై ఆంక్షల చట్టాన్ని రీగన్ తిరస్కరించినప్పుడు, కాంగ్రెసు ఆ తిరస్కారాన్ని తోసివేసి దానిని నిలబెట్టింది. ప్రజలు గట్టిగా అడిగినప్పుడు సభకు ఆ శక్తి ఉందని దీనివల్ల రుజువయింది.

మూడవది, రొట్టెను తుపాకినీ ఒకే త్రాసులో తూచరాదు. హార్కిన్ సవరణ తన కాఠిన్యంలోనూ పేదలకు నేరుగా చేరే సహాయాన్ని మినహాయించింది. ఆ వివేకం మెచ్చదగినది. ఆకలి మీద షరతు పెట్టడం ఎటువంటిదో భారతదేశానికి తెలుసు. 1965–67 కరువు సంవత్సరాలలో ప్రెసిడెంటు జాన్సన్ పి.ఎల్. 480 గోధుమలను దీర్ఘకాల ఒప్పందం లేకుండా ఓడ తర్వాత ఓడగా విడుదల చేశాడు. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్న ఒత్తిడితో పాటు వియత్నాంపై భారతదేశం చేసిన విమర్శ పట్ల ఆయన ఆగ్రహం కూడా అందులో ఉండేది. ఆ రోజులలో రేషను దుకాణం ముందు నిలబడినవారికి ఆ దౌత్యంలో ఏ పాత్రా లేదు.

ఈ మూడవ సూత్రం 2025లో తలక్రిందులయింది. జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్నంతటినీ నిలుపు చేసినప్పుడు అత్యవసర ఆహారంతో పాటు ఇజ్రాయిల్, ఈజిప్టుల సైనిక నిధులకు మినహాయింపు దక్కింది. ప్రజాస్వామ్య కార్యక్రమాలు, ఆరోగ్య కార్యక్రమాలు అనేకం ముగిసిపోయాయి. 1961లో ఏర్పడిన అంతర్జాతీయాభివృద్ధి సంస్థ 2025 జూలై 1 నాటికి తన సహాయ కార్యక్రమాలను విరమించి విదేశాంగ శాఖలో కలిసిపోయింది. హక్కుల కోసం పెట్టిన షరతులు ఆపలేకపోయిన తుపాకులు సాగిపోగా, ఏ షరతూ ఆపనక్కరలేని మందులు ఆగిపోయాయి.

నాల్గవ సూత్రం దాతలకు సంబంధించినది కాదు, గ్రహీతలకు సంబంధించినది. తన సైన్యపు జీతభత్యాలకూ ఆయుధాలకూ పరాయి ఖజానా వైపు చూసే ప్రభుత్వం తన ప్రజల వైపు చూడవలసిన అవసరం తగ్గిపోతుంది. పన్ను కట్టేవాడు లెక్క అడుగుతాడు. పరాయి దాత తన ప్రయోజనం మాత్రమే అడుగుతాడు. కాబట్టి ఎంత చక్కని షరతులు రాసినా విదేశీ చట్టం ఒక దేశంలో ప్రజాస్వామ్యాన్ని నెలకొల్పజాలదు. అది చేయగల గరిష్ఠ ఉపకారం, పీడకునికి ఆయుధం అందించకుండా ఉండడమే. 1974లో 502-బి రాసినవారు కోరింది కూడా అంతకంటే ఎక్కువ కాదు. ఆ కాస్త కోరికను యాభై ఏళ్ళలో వారి వారసులు నెరవేర్చలేకపోయారు. ఆ చట్టం ఇంకా రద్దు కాలేదు. దాని అక్షరాలు అలాగే ఉన్నాయి. వాటిని చదివించి అమలు జరిపించగల ఓటర్లు ఆ దేశంలోనే ఉన్నారు, వారిలో నేడు గణనీయమైన సంఖ్యలో ముస్లింలూ ఉన్నారు. కైరో ఖైదీలకూ గాజా అనాథలకూ మేలు జరగాలంటే ఆ చట్టాన్ని తిట్టడం కంటే, దానిలోని మినహాయింపులను ఒక్కొక్కటిగా మూయించడం వారికి తగిన కర్తవ్యం.